మెదడు గడప దాటే మందు ఏది?

బిళ్లగన్నేరు, పసుపు, నిమ్మగడ్డి, పత్తి గింజ... గ్లయోబ్లాస్టోమా మీద మొక్కల మందులతో జరుగుతున్న పోరాటంలో నిజమెంత, ఆశ ఎంత?

బిళ్లగన్నేరు తెలియని తెలుగు ఊరు ఉండదు. ఎవరూ నీళ్లు పోయకపోయినా గోడ పక్కన, గుడి ఆవరణలో, రోడ్డు డివైడర్ మీద ఊదాగానో తెల్లగానో పూస్తూనే ఉంటుంది. 1952లో జమైకాలోని ఒక వైద్యుడు ఈ మొక్క ఆకులు పాతిక కవరులో పెట్టి కెనడాలో ఉన్న డాక్టర్ క్లార్క్ నోబుల్‌కి పంపాడు. జమైకా జనం మధుమేహానికి ఈ ఆకు కషాయం తాగుతున్నారు, పనికొస్తుందేమో చూడమన్నాడు. ఆ కవరు క్లార్క్ తమ్ముడు రాబర్ట్ నోబుల్ చేతికి, వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు చేరింది. కషాయం తాగించిన ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. అదే సారాన్ని సూదితో ఎక్కిస్తే మాత్రం తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోయాయి.

మధుమేహం మందు వెతికినవాళ్లకు అది నిరాశే కావాలి. కానీ తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు ఒకటి ఉంది, దాని పేరు లుకేమియా. రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు అదే మొక్కలో దానికి దగ్గరి చుట్టమైన విన్‌క్రిస్టిన్‌ను పట్టుకున్నారు. 1963లో అమెరికా దాని వాడకానికి అనుమతి ఇచ్చింది. ఒకప్పుడు పిల్లల పాలిట మరణశిక్షలా ఉన్న లుకేమియా ఇవాళ ఎక్కువమందిలో నయమవుతోందంటే, ఆ చికిత్సలో ఈ పెరటి మొక్క వాటా పెద్దది.

ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. 2019లో అమెరికాలో విన్‌క్రిస్టిన్‌కి కొరత వచ్చి పసిపిల్లల తల్లిదండ్రులు అల్లాడిపోయారు. 2022లో డెన్మార్క్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం ఈస్ట్ కణాల జన్యువులను మార్చి, విన్‌బ్లాస్టిన్‌కి కావలసిన ముడిపదార్థాలను వాటి చేతే తయారు చేయించింది. మొక్క చేసే పనిని మనిషి నేర్చుకోవడానికి అరవై ఏళ్లు పైగా పట్టింది.

మెదడు కణితుల చికిత్సలోనూ విన్‌క్రిస్టిన్ ఉంది. ప్రొకార్బజిన్, లోమస్టిన్ అనే మరో రెండు మందులతో కలిపి పీసీవీ పేరుతో, ముఖ్యంగా ఒలిగోడెండ్రోగ్లయోమా అనే కణితికి ఇస్తారు. అయితే రక్తంలోకి ఎక్కించిన విన్‌క్రిస్టిన్ మెదడులోకి వెళ్లేది బహు స్వల్పం. అందుకే ఆ మూడింటిలో దీని అవసరం నిజంగా ఉందా అని నిపుణులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. లుకేమియాను లొంగదీసిన మందుకు మెదడు దగ్గర అడ్డం పడుతున్నది ఒక గడప. ఈ కథనమంతా ఆ గడప గురించే.

కోసినా మిగిలేది

పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లన్నింటిలో ఎక్కువగా కనిపించేదీ, అన్నింటికంటే దూకుడైనదీ గ్లయోబ్లాస్టోమా. ఏడాదికి లక్షమందిలో సుమారు ముగ్గురికి వస్తుంది. తలనొప్పి, ఉన్నట్టుండి ఫిట్స్, మాట తడబడటం, ఒక చెయ్యి బలహీనపడటం లాంటి వాటితో బయటపడుతుంది. అమెరికా సెనేటర్లు టెడ్ కెనెడీ 2009లో, జాన్ మెకెయిన్ 2018లో దీనితోనే చనిపోయారు. డబ్బు, పలుకుబడి, ప్రపంచంలోని ఉత్తమ వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లు కూడా దీని ముందు ఓడిపోయారు.

ఈ కణితి ఒక ముద్దలా ఒకచోట కూర్చోదు. దాని కణాలు ఆరోగ్యంగా ఉన్న మెదడు కణజాలంలోకి పాకుతూ పోతాయి. 1928లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ గ్లయోమా అనే ఈ తరహా కణితి ఉన్న రోగులకు మెదడు కుడి అర్ధభాగం మొత్తాన్ని తీసేసిన శస్త్రచికిత్సలను ప్రచురించాడు. అంత సాహసం చేసినా జబ్బును వేళ్లతో సహా పెరికివేయలేకపోయారు. సగం మెదడు తీసినా ఆగనిది ఒక్క కత్తితో ఆగదని అప్పుడే తేలింది.

ఇవాళ ప్రపంచమంతా పాటిస్తున్న చికిత్స 2005లో రోజర్ స్టుప్ బృందం ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. 573 మంది రోగుల్లో సగం మందికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. మిగతా సగానికి దానితోపాటు టెమోజోలమైడ్ మాత్రలు ఇచ్చారు. సగటు ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండు నెలల పదిహేను రోజులు! బయటివాళ్లకు ఇది చాలా చిన్నదిగా అనిపించవచ్చు. కానీ అయిదేళ్ల లెక్క చూడండి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 1.9 శాతం, మాత్రలు కూడా వేసుకున్నవాళ్లలో 9.8 శాతం బతికి ఉన్నారు. ఆ తేడా నిజమైన మనుషులది, నిజమైన ఇళ్లది. తర్వాత వచ్చిన మందుల్లో ఈ చికిత్సను పక్కకు నెట్టగలిగింది లేదు. తలకు అంటించే పట్టీల ద్వారా విద్యుత్ క్షేత్రాలను పంపే పరికరం ఒకటి మరికొన్ని నెలలు కలిపింది గానీ, దాని ఖర్చు భరించగలిగేవాళ్లు మన దగ్గర ఎందరు?

ఇంత గట్టి శత్రువు కాబట్టే వైద్యులు మళ్లీ మళ్లీ మొక్కల వైపు చూస్తున్నారు. రోగుల కుటుంబాలు అంతకంటే ముందే చూస్తాయి. స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన వారంలోపు ఫోన్లలోకి ఆకు పసర్లు, కషాయాలు, పసుపు గుళికల వీడియోలు వచ్చి పడతాయి. ఆ కుటుంబాలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఏ దారీ కనిపించనప్పుడు మనిషి ప్రతి దారీ తొక్కి చూస్తాడు. వాళ్లకు సరైన సమాచారం ఇవ్వడం మిగతావాళ్ల బాధ్యత.

రంగునీళ్లు చెప్పిన రహస్యం

1885లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించాడు. గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ రంగు పట్టాయి, మెదడు మాత్రం తెల్లగా ఉండిపోయింది. మెదడుకు రంగు పీల్చుకునే గుణం లేదేమో అనుకున్నాడాయన. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అదే తరహా రంగును నేరుగా వెన్నుద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు రంగు పట్టింది, మిగతా శరీరం పట్టలేదు. అంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డుంది.

అదే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్. మెదడులోని సన్నని రక్తనాళాల లోపలి పొర కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. పెద్ద అణువులు, నీటిలో కరిగే అణువులు వాటి మధ్య నుంచి దూరలేవు. ఎలాగో దూరిన వాటిని కూడా పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపులు పట్టుకుని తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. మనం తినే తిండిలోని విషాలు మెదడుకు తగలకుండా కాపాడే ఏర్పాటు ఇది. దురదృష్టం ఏమిటంటే విన్‌క్రిస్టిన్, ప్యాక్లిటాక్సెల్ లాంటి మొక్కల మందులను కూడా ఈ పంపులు విషాలుగానే గుర్తిస్తాయి. వాటి లెక్క ప్రకారం అది తప్పు కాదు. ఈ రసాయనాల్లో చాలావాటిని మొక్కలు తమను తినవచ్చిన పురుగుల మీద, పశువుల మీద ఆయుధాలుగానే తయారు చేసుకున్నాయి.

కణితి నడిమధ్యలో ఈ అడ్డు తెగిపోయి ఉంటుంది. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ మందు అక్కడ మెరవడానికి కారణం అదే. కానీ అంచుల్లో, ఆరోగ్యమైన మెదడులోకి పాకిన కణాల చుట్టూ, అది చెక్కుచెదరకుండా ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా ఆ అంచుల నుంచే. మందు చేరవలసిన చోటే దారి మూసి ఉంది.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ మొక్కల మందు కాదు. అయినా మెదడులో పుట్టే లింఫోమా అనే మరో దూకుడు క్యాన్సర్‌కి ఇవాళ్టికీ అదే ప్రధాన ఆయుధం. మామూలు మోతాదులో అదీ లోపలికి వెళ్లదు. అందుకే చాలా పెద్ద మోతాదులో ఎక్కించి, ఆ తర్వాత విరుగుడు ఇచ్చి మిగతా శరీరాన్ని కాపాడతారు. మందు ఎంత ముఖ్యమో దాన్ని లోపలికి చేర్చే ఉపాయం అంత ముఖ్యం అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పసుపు సంగతి

నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లు ఉన్న నేలమీద పసుపు గురించి రాయడం సులభం కాదు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. గాయాలను మాన్పే గుణం మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో మన సీఎస్ఐఆర్ పోరాడి రద్దు చేయించింది. పసుపు మన తిండి, మన వైద్యం, మన శుభకార్యం. అందుకే దాని గురించి నిజం చెప్పుకోవాలి.

పసుపులోని ముఖ్యమైన పదార్థం కర్క్యుమిన్, కొమ్ములో దాని వాటా సుమారు 3 శాతం. గాజు పాత్రలో పెంచిన గ్లయోబ్లాస్టోమా కణాల మీద పోస్తే ఆ కణాలు చనిపోతాయి. ఇది చాలా ప్రయోగశాలల్లో తేలింది. పత్రికల్లో వచ్చే శీర్షికలు ఎక్కువగా ఇక్కడి నుంచి పుట్టినవే. కానీ నోటితో తీసుకున్న కర్క్యుమిన్‌ను పేగు సరిగా పీల్చుకోదు. పీల్చుకున్న కాస్తనూ కాలేయం వెంటనే మార్చేసి బయటకు పంపుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ 2000 శాతం పెరుగుతుందని చూపించారు. మార్కెట్లో దొరికే పసుపు గుళికల్లో మిరియాల సారం కలపడానికి మూలం ఆ అధ్యయనమే. వినడానికి గొప్ప అంకే, కానీ దాదాపు సున్నా దగ్గర మొదలైన దాన్ని ఇరవై రెట్లు పెంచినా వచ్చేది కొంచెమే.

ఇక అసలు ప్రశ్న, కణితిలోకి ఎంత చేరింది? దీనికి జర్మనీ వైద్యులు నేరుగా జవాబు వెతికారు. 13 మంది గ్లయోబ్లాస్టోమా రోగులకు ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజుల పాటు, బాగా పీల్చుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన కర్క్యుమిన్ ఇచ్చారు. తర్వాత కోసి తీసిన కణితి ముక్కల్లో వెతికారు. కర్క్యుమిన్ ఉంది, అంటే గడప దాటగలదు. కానీ ప్రయోగశాలలో కణాలను చంపడానికి వాడే మోతాదుతో పోలిస్తే అది అత్యల్పం. 2016లో వచ్చిన ఈ చిన్న అధ్యయనం పసుపు మీద వచ్చిన వందల శీర్షికల కంటే విలువైనదని నా అభిప్రాయం. అవన్నీ వదిలేసిన ప్రశ్న అది అడిగింది.

2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తల బృందం కర్క్యుమిన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా తిరగేసింది. ఏ జబ్బుకైనా సరే, రోగికీ వైద్యుడికీ కూడా ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో అది నెగ్గిన దాఖలా లేదని తేల్చింది. పసుపు వంటింట్లో ఉండాల్సిందే. గ్లయోబ్లాస్టోమాకు అది మందు అని మాత్రం ఇవాళ ఎవరు చెప్పినా నమ్మకండి.

ముక్కు దారి, ధ్వని దారి

నాకు నిజంగా ఆశ కలిగిస్తున్నవి వేరే ఉన్నాయి. కొత్త ఆకుల కోసం కాక కొత్త దారుల కోసం వెతుకుతున్న ప్రయత్నాలవి.

నిమ్మగడ్డి, పుదీనా, లావెండర్, నారింజ జాతి పండ్ల తొక్కల్లో పెరిల్లైల్ ఆల్కహాల్ అనే సుగంధ పదార్థం ఉంటుంది. ఇది క్యాన్సర్ కణాల పెరుగుదల సంకేతాలను అడ్డుకుంటుందని తెలిశాక గుళికలుగా ఇచ్చి చూశారు. రోజుకు గ్రాములకొద్దీ మింగవలసి వచ్చింది. వికారం, వాంతులు, త్రేన్పులతో రోగులు తట్టుకోలేకపోయారు. ఆ దారి మూతపడింది. అప్పుడు బ్రెజిల్‌లో న్యూరోసర్జన్ క్లోవిస్ ద ఫోన్సెకా బృందం దాన్ని ముక్కుతో పీల్చేలా చేసింది. ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాలు నేరుగా మెదడులోకి వెళ్తాయి, అక్కడ రక్తనాళాల అడ్డు లేదు. జబ్బు తిరగబెట్టి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేని రోగులు రోజుకు నాలుగుసార్లు దీన్ని పీల్చారు. కొందరిలో కణితి పెరగడం ఆగింది.

అమెరికాలో ఇదే పదార్థాన్ని బాగా శుద్ధి చేసి, నియో100 పేరుతో జబ్బు తిరగబెట్టిన 12 మందికి తొలి దశ పరీక్షలో ఇచ్చారు. పెద్ద దుష్ఫలితాలు లేవు, ఫలితాలూ ఆశాజనకంగానే ఉన్నాయి. ఇక్కడో జాగ్రత్త అవసరం. మెరుగైన ఫలితాలు ఐడీహెచ్1 అనే జన్యువులో మార్పు ఉన్న కణితుల్లో కనిపించాయి. ఆ మార్పు ఉన్న కణితులు మామూలుగానే కాస్త నెమ్మదిగా పెరుగుతాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మార్చాక వాటిని గ్లయోబ్లాస్టోమా అనడం కూడా లేదు. పోల్చి చూసే బృందం లేని పరీక్షలో మందు గొప్పతనం ఎంతో, కణితి స్వభావం ఎంతో విడదీయడం కష్టం. అయినా ఇది వెంబడించి చూడదగ్గ దారి. నిమ్మగడ్డి టీ తాగడానికీ దీనికీ సంబంధం లేదు.

రెండోది ప్యాక్లిటాక్సెల్. 1962లో అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లో సేకరించిన పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మన్రో వాల్, మన్సుఖ్ వాణి దీన్ని వేరుచేశారు. వాణి మన దేశంలో పుట్టినవాడు. వాళ్లు దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. 1992లో అండాశయ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. గ్లయోబ్లాస్టోమా కణాల మీద ఇది టెమోజోలమైడ్ కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమని ప్రయోగశాలల్లో తేలింది. కానీ రక్తంలోకి ఎక్కిస్తే మెదడులోకి పోదు.

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆడమ్ సోనబెండ్ బృందం ఈ అడ్డును తాత్కాలికంగా తెరిచింది. కణితి తీసే ఆపరేషన్‌లోనే పుర్రెకు అల్ట్రాసౌండ్ వెలువరించే తొమ్మిది భాగాలు ఉన్న చిన్న పరికరాన్ని అమర్చారు. తర్వాత రోగి మెలకువగా ఉండగానే రక్తంలోకి అతి సూక్ష్మమైన గాలిబుడగలు ఎక్కించి, పరికరాన్ని నాలుగు నిమిషాలు నడిపారు. ధ్వని తరంగాలకు ఆ బుడగలు కంపించి రక్తనాళాల గోడల్లోని సందులను తెరుస్తాయి. గంటలోపే అవి చాలావరకు మూసుకుపోతాయి, ఆలోపు మందు లోపలికి వెళ్లాలి. 2023లో ప్రచురించిన తొలి దశ ఫలితాల్లో 17 మంది రోగులున్నారు. తరంగాలు తగిలిన మెదడు భాగంలోకి ప్యాక్లిటాక్సెల్ సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా చేరింది. ఇది ఆయుష్షు పెంచుతుందా అన్నది పెద్ద పరీక్షల్లో తేలాలి. చెట్టు బెరడులో మందు దొరికి అరవై ఏళ్లయ్యాక, దాన్ని మెదడులోకి పంపే తలుపు ఇప్పుడు తెరుచుకుంటోంది.

గంజాయి నుంచి వచ్చిన మందు మీద బ్రిటన్‌లో పని జరుగుతోంది. టీహెచ్‌సీ, సీబీడీ అనే పదార్థాలను లెక్క ప్రకారం కలిపి నోట్లో చల్లుకునే స్ప్రేను టెమోజోలమైడ్‌కి తోడుగా ఇచ్చిన చిన్న పరీక్షలో 21 మంది పాల్గొన్నారు. స్ప్రే వాడినవాళ్లలో ఏడాది తర్వాత 83 శాతం, వాడనివాళ్లలో 44 శాతం బతికి ఉన్నారు. ఇంత తక్కువమందిలో ఇలాంటి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అందుకే లీడ్స్ వైద్యుల ఆధ్వర్యంలో అరిస్టోక్రాట్ పేరుతో 234 మందితో పరీక్ష 2023లో మొదలుపెట్టారు. గంజాయి కాల్చడం క్యాన్సర్‌కి మందని దీని నుంచి ఎవరైనా చెబితే అది అబద్ధం.

వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతులకు బాగా తెలిసిన పత్తి గింజలో గాసిపాల్ అనే పచ్చటి విషం ఉంది. 1999లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో జబ్బు తిరగబెట్టిన 27 మందికి ఇస్తే ఇద్దరిలో మాత్రమే కణితి చిన్నదైంది. నేను దీన్ని ప్రస్తావించడానికి కారణం, ఇలాంటి నిజాయతీగల చిన్న ఫలితాలే ఎక్కువ అని చెప్పడమే.

నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంకది మరో రకం ఉపయోగం. 2011లో జర్మనీ వైద్యులు మెదడుకు రేడియేషన్ తీసుకుంటున్న 44 మందిలో కొందరికి ఈ బంక సారాన్ని రోజుకు 4,200 మిల్లీగ్రాములు, కొందరికి ఉత్తుత్తి గుళికలు ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి మెదడు వాపు మూడొంతులకు పైగా తగ్గింది. ఉత్తుత్తి గుళికల బృందంలో అలా తగ్గినది 26 శాతం మందికే. కణితిని కరిగిస్తుందని వాళ్లు చెప్పలేదు, వాపు తగ్గిస్తుందన్నారు. వాపు తగ్గడానికి వాడే స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బి, కండలు కరిగి, చక్కెర పెరిగి బాధపడే రోగులకు అదీ చిన్న ఊరట కాదు. మన అడవి చెట్టు మీద ఇలాంటి పరీక్ష మన ఆసుపత్రుల్లో పెద్ద ఎత్తున జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తోడు మందుతో ముప్పు

మొక్కల మందు కదా, మేలు చేయకపోయినా కీడు చేయదనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. ఈ జబ్బులో అది ప్రమాదకరం. బిళ్లగన్నేరు మందు విన్‌క్రిస్టిన్‌నే చూడండి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. మానసిక కుంగుబాటుకు పాశ్చాత్యులు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ మూలిక, ఇరినోటెకన్ అనే క్యాన్సర్ మందు పనిచేసే రూపాన్ని రక్తంలో 42 శాతం తగ్గించిందని 2002లో తేలింది. ఆ ఇరినోటెకన్ కూడా చెట్టు నుంచి వచ్చినదే. ఒక మొక్క మరో మొక్క మందును పనిచేయకుండా ఆపింది.

మనకు మరింత దగ్గరి సంగతి పైపరిన్. గ్లయోబ్లాస్టోమా రోగుల్లో చాలామంది ఫిట్స్ రాకుండా మందులు వాడుతుంటారు. వాటిలో ఫెనిటాయిన్ ఒకటి, మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. పైపరిన్ రక్తంలో ఫెనిటాయిన్ మోతాదును పెంచుతుందని మన దేశంలోనే జరిగిన అధ్యయనాలు చూపించాయి. ఫెనిటాయిన్ ఎక్కువైతే తూలుడు, మత్తు, మాట తడబాటు వస్తాయి. ఇంట్లోవాళ్లు కణితి పెరిగిందని హడలిపోతారు. పసుపు గుళికలోని మిరియాల సారం కారణమని ఎవరికీ తట్టదు. కూరలో వేసే మిరియాల గురించి కాదు ఈ హెచ్చరిక, సారాన్ని చిక్కబరిచి అమ్మే గుళికల గురించి.

కాబట్టి ఈ జబ్బుతో పోరాడుతున్న కుటుంబాలకు నా విన్నపం ఇది. రేడియేషన్‌ను, టెమోజోలమైడ్‌ను ఏ కషాయం కోసమూ మధ్యలో ఆపకండి. ఆకు మందో, గుళికో ఏది వాడుతున్నా, వాడాలనుకుంటున్నా డాక్టరుతో దాచకుండా చెప్పండి. ఆయన కోప్పడతారని భయపడి దాచినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. వైద్యులకూ ఒక మాట, రోగి పసుపు పేరు ఎత్తగానే కసురుకోకండి, అలా కసిరితే రెండోసారి చెప్పరు. ఎవరైనా మొక్కల మందుతో నయం చేస్తామంటే, మనుషుల మీద ఎక్కడ పరీక్షించారు, ఎంతమందిలో, దేనితో పోల్చారు, కణితిలోకి చేరిందని ఎలా తెలుసు అని అడగండి. నిజంగా పరీక్ష జరుగుతుంటే దాని వివరాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ఉండాలి. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ఔషధ పరీక్షలన్నీ అక్కడ నమోదు కావడం తప్పనిసరి. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అందులో లేని 'పరీక్ష'కు డబ్బు కట్టకండి.